మామయ్య బండికి అయిదో గేరు

మా మామయ్య పోయాక ఆయన పాత పికప్ బండి మా ముగ్గురికీ తలా కొంత వచ్చింది. మా ఆయనకు బండి తాలూకు జ్ఞాపకాలు వచ్చాయి. మా అత్తమ్మకు ముందు సీటు వచ్చింది. కోడలిని కాబట్టి నాకు స్టీరింగు వచ్చింది.

జీపు మొహం, వెనక చెక్కల తొట్టి ఉన్న బండి అది. పోచంపల్లి పక్కన మా ఊళ్లో నేసిన చీరల మూటలు దాంట్లో వేసుకుని మామయ్య దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దుకాణాలకు తిరిగేవాడు. ఒకప్పుడు ఆకుపచ్చగా ఉండేదట. నేను కాపురానికి వచ్చేనాటికే దాని రంగేమిటని అడగడం మర్యాద కాదన్నట్టు తయారైంది. ఆయన పోయాక దాన్ని అమ్మేద్దామని చుట్టాల్లో ఎవరో అంటే, "దాన్ని అమ్ముడంటే మా నాయినను అమ్ముడే" అన్నాడు మా ఆయన. నడపడమంటే నాయినను నడపడమే అనుకున్నాడో ఏమో, ఆ పని కూడా చెయ్యలేదు. ఎల్బీనగర్‌లో మా ఇంటి ముందు నిలబెట్టి, దసరాకు దండ వేసి, మిగతా ఏడాదంతా కాలనీ పిల్లులకు అప్పజెప్పాడు.

దాన్ని మళ్లీ రోడ్డెక్కించింది నేను. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో మాకు చీరల దుకాణం ఉంది. సరుకంతా పై గదిలో పెట్టుకునేవాళ్లం. ఆ గదిలో మంచాలు వేసి కోచింగ్ పిల్లలకు కిరాయికి ఇస్తానని ఇంటి ఓనరు మమ్మల్ని ఖాళీ చేయించాడు. చీరల కన్నా పిల్లలను ఎక్కువమందిని మడతపెట్టి సర్దవచ్చని ఆయన లెక్క. నేను సరుకునూ, చీరలకు కుచ్చులు వేసే పనినీ అబ్దుల్లాపూర్‌మెట్ అవతల ఒక రేకుల షెడ్డుకు మార్చాను. అక్కడ కిరాయి తక్కువ, గాలి ఎక్కువ. ఒకటే చిక్కు. అక్కడికి పోవాలంటే విజయవాడ హైవే మీద పోవాలి.

ఆ బండికి హైవే అంటే ఏమిటో తెలియదు. అది పుట్టిన కాలంలో ఎవరికీ అంత తొందర ఉండేది కాదు. నలభై దాటితే ఇంజన్ ఏడుపు మొదలుపెట్టేది. యాభై దగ్గర శాపనార్థాలకు దిగేది. ఉన్నవి నాలుగే గేర్లు. నాలుగోది వేశాక కూడా నా చెయ్యి తనంతట తాను ఇంకో గేరు కోసం తడుముకునేది. లారీలు, బస్సులు, కాలేజీ పిల్లల స్కూటర్లు అన్నీ మమ్మల్ని దాటిపోతూ ఒకసారి లోపలికి తొంగిచూసేవి, ఎవరైనా బతికున్నారా అని. వినాయకుడిని ఎక్కించుకున్న ట్రాక్టరు ఒకటి కూడా దాటిపోయింది. దేవుడు కాబట్టి దారిచ్చాను అని చెప్పుకున్నాను.

షెడ్డు తెరిచిన మొదటి రోజు నుంచీ అత్తమ్మ నా కన్నా ముందే తయారై ముందు సీట్లో కూచునేది. ఎందుకని అడిగితే, "ఇంట్ల ఉండి ఏం జెయ్యాలె" అనేది. షెడ్డులో కూడా ఆమె చేసేదేమీ లేదు. కుర్చీ వేసుకుని, కుచ్చులు వేసే ఆడవాళ్లను చూస్తూ, వాళ్ల పని తనకు నచ్చలేదని మొహంతోనే చెప్పేది. దారిలో మాత్రం ఇంజన్ హోరుకు ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. మా అత్తాకోడళ్లకు ఇంత సఖ్యత ఎట్లా కుదిరిందని చుట్టాలందరూ మెచ్చుకుంటున్న రోజులవి.

"ఒక చిన్న కారు కొనుక్కుందాం" అన్నాను మా ఆయనతో.

"నాయిన బండి ఉండంగ కారెందుకు? దాన్నే మంచిగ చేపిద్దాం" అన్నాడాయన.

ఆయన ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తాడు. బండి కింద ఎన్నడూ దూరినవాడు కాదు. కానీ ఫోన్లో వీడియోలు చూస్తాడు. ఏ దేశంవాళ్లో గడ్డాలు పెంచుకున్న మగవాళ్లు పాత బండ్లకు కొత్త ఇంజన్లు బిగించే వీడియోలు. వాటిలో టీ చల్లారేలోపు ఇంజన్ దిగిపోతుంది, కొత్తది ఎక్కుతుంది, చివర్లో అందరూ నవ్వుతారు. అవి చూసీ చూసీ ఆయనకు ఆత్మవిశ్వాసం వచ్చింది. ఆత్మవిశ్వాసం ఆయనకు, ప్రయాణం మాకు.

ఆటోనగర్‌లో ఒక మెకానిక్ దొరికాడు. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ మనిషి. బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైరును కాలితో తన్ని, "ఇంజన్ మార్చేస్తే సరిపోద్దండీ. ఆ తర్వాత ఇది విమానమే" అన్నాడు. మా ఆయన కళ్లు చెమర్చాయి. నేను మాత్రం ఆ తన్నుడు చూసి, ఈయన జాతకాలు కూడా చెప్తాడేమో అనుకున్నాను.

ఇంజన్ మార్చాలంటే ముందు రవాణా ఆఫీసులో పర్మిషన్ తీసుకోవాలి. అది మమ్మల్ని ఏడిపిస్తుందని అందరూ బెదిరించారు. అది మామూలుగానే అయిపోయింది. ఏడిపించే పనంతా మెకానిక్ ఒక్కడే చూసుకున్నాడు. ప్రమాదంలో దెబ్బతిన్న ఒక కొత్త తరం బండిలోంచి డీజిల్ ఇంజన్ తెచ్చాడు. పాత ఇంజన్‌ను తుక్కు కింద తీసుకుంటానంటే మా ఆయన ఒప్పుకోలేదు. "అది మా నాయిన ఇంజన్" అని ఆటో ట్రాలీలో ఇంటికి తెప్పించి వరండాలో పెట్టించాడు. దానిమీద పాత దుప్పటి కప్పాడు. పొద్దున్నే ఆఫీసుకు పోయేముందు దాని వైపు ఒకసారి చూసేవాడు. కాపురం మొత్తంలో నా వైపు అంత ఆర్తిగా చూసినట్టు గుర్తులేదు.

కొత్త ఇంజన్‌తో హైవే ఎక్కాను. లాగుడు బ్రహ్మాండంగా ఉంది. కానీ యాభై దాటగానే మళ్లీ అదే అరుపు, ఈసారి ఇంకా బలమైన గొంతుతో. వెనక్కి తిప్పుకుని నేరుగా మెకానిక్ దగ్గరికి పోయాను.

"ఎద్దును మార్చాం గానీ బండి పాతదే కదమ్మా" అన్నాడు. "గేర్లు పాతవి. వెనక చక్రాల మధ్య ఉన్న క్రౌన్ పాతది. ఇంజన్ ఎక్కువసార్లు తిరిగితే గానీ చక్రం తిరగదు. అందుకే అరుస్తది."

"మరి ఎద్దును మారిస్తే చాలని నువ్వే అన్నవు గదా?"

"మొదలు పెట్టడానికి చాలన్నానండీ" అన్నాడు.

గేర్‌బాక్సు మార్చాలా వద్దా అని మా ఆయన ఇంకా వీడియోలు చూస్తుండగానే ఆ గేర్‌బాక్సే నిర్ణయం తీసుకుంది. కొత్త ఇంజన్ బలాన్ని అది తట్టుకోలేకపోయింది. ఒకరోజు పొద్దున ఎల్బీనగర్ చౌరస్తాలో ఫ్లైఓవర్ కింద రెండో గేరులో ఇరుక్కుపోయింది. ముందుకు లాగినా రాదు, వెనక్కి నెట్టినా రాదు. వెనక బస్సువాడు హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యడం మరిచిపోయాడు. సరే అని రెండో గేరులోనే ఆటోనగర్ దాకా పోనిచ్చాను. ఎంత సేపు పట్టిందంటే, మా పక్కనే తోపుడుబండి మీద జామకాయలు నెట్టుకుంటూ వస్తున్న ఒకాయనతో అత్తమ్మ బేరం చేసి, కాయలు ఏరి, పైసలిచ్చి, చిల్లర తీసుకుంది. బండి ఆపనే లేదు.

"గిట్లయితే మంచిగనే ఉన్నది గదా" అంది నాకు ఒక జామకాయ ఇస్తూ. "అన్నీ కొనుక్కుంట పోవచ్చు."

అయిదు గేర్ల బాక్సు వచ్చింది. అది పాతదాని కన్నా పొడవు. కాబట్టి గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాలకు పోయే ఇనుప షాఫ్టును కోసి పొట్టి చెయ్యాల్సి వచ్చింది. కోసినవాడు కోశాడు, అతికినవాడు అతికాడు. సమంగా తిరుగుతుందో లేదో చూడడం మాత్రం ఎవరి పనో తేలలేదు. హయత్‌నగర్ దాటాక బండి మొత్తం పూనకం వచ్చినట్టు ఊగింది. అత్తమ్మ కళ్లజోడు ముక్కు మీదినుంచి జారి ఒళ్లో పడింది. పెట్టుకుంటే మళ్లీ పడింది. మూడోసారి ఆమె దాన్ని కొంగున ముడేసుకుని, "నాకు చూసేదేం లేదు, నువ్వు చూసుకో పిల్లా" అంది.

షాఫ్టును సరిచేయించాను. వెనక క్రౌన్ కూడా మార్పించాను. దాంతో అసలు మాయ జరిగింది. అయిదో గేరు వెయ్యగానే ఇంజన్ గొంతు తగ్గిపోయింది. మెల్లగా పోతున్నాను అనుకున్నాను. మీటరు కూడా నలభై అనే చూపిస్తోంది. కానీ మమ్మల్ని రోజూ వెక్కిరించే బస్సులు ఒకటొకటే వెనకపడుతున్నాయి. గేర్‌బాక్సు మారితే మీటరు లెక్క కూడా తప్పుతుందని మెకానిక్‌కు తెలియదో, చెప్పే తీరిక లేదో. ఆ ఆదివారం ముందు సీటు తల్లిని అడిగి తీసుకుని మా ఆయన నా పక్కన కూచున్నాడు. ముల్లు వంక చూస్తూ, "చూసినవా, నలభైలనే ఎంత కమ్మగ పోతున్నదో. నాయిన గూడ గింతే నిదానంగ నడిపేటోడు" అన్నాడు. అప్పుడు ఎంత పోతున్నామో నాకూ తెలియదు. పక్కన చెట్లు మాత్రం కడ్డీల్లా కనపడ్డాయి. ఆయన సంతోషం చెడగొట్టడమెందుకని కాలు కొంచెం తీశాను.

మరునాడు పెద్ద అంబర్‌పేట దిగుడులో ముందున్న లారీ ఆగింది. నేను బ్రేకు తొక్కాను. బండి కాసేపు ఆలోచించింది. ఈ బ్రేకులు నలభై మీద పోయే ముసలి బండికి పెట్టినవి, వాటికి ఈ కొత్త సంగతులేవీ ఎవరూ చెప్పలేదు. లారీ వెనక రాసిన ఊరిపేరు, అడ్రసు అన్నీ తీరిగ్గా చదువుకునేంత దగ్గరికి వచ్చి ఆగింది. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. రోడ్డు పక్కకు తీసి, ఇంజన్ ఆపి, ఇద్దరం ఒక సీసాలోని నీళ్లు తాగాం.

"బ్రేకుల సంగతి ఎందుకు చెప్పలేదు?" అని మెకానిక్‌ను నిలదీశాను.

"మీరు బాగా పోవాలన్నారు. ఆపడం గురించి అడగలేదు కదమ్మా" అన్నాడు ఆ మహానుభావుడు, నిజంగానే నొచ్చుకుంటూ.

అప్పుడు నేను అరవలేదు. కుర్చీ తెప్పించుకుని వర్క్‌షాపు గుమ్మానికి అడ్డంగా కూచున్నాను. అత్తమ్మ ఇంకో కుర్చీ తెప్పించుకుని నా పక్కన కూచుంది. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు బిగించి, మీటరు సరిచేసి, నేనూ అతనూ కలిసి ఖాళీ రోడ్డు మీద పదేపదే ఆపి చూసుకునేదాకా రోజూ అట్లాగే పోయి కూచున్నాం. బేరానికి వచ్చినవాళ్లు మమ్మల్ని చూసి ఇది ఏదో కేసు అనుకుని వెనక్కి పోయేవాళ్లు. పని తొందరగానే అయింది.

అట్లా ఒక సోమవారం పొద్దున మొదటిసారి ఏ అరుపూ, ఏ ఊగుడూ లేకుండా హైవే ఎక్కాం. డెబ్బై మీద పోతుంటే టైర్ల చప్పుడు వినపడుతోంది. అత్తమ్మ గాజుల చప్పుడు వినపడుతోంది. ఇన్నాళ్లుగా ఆ సీట్లో కూచున్న మనిషి ఊపిరి తీస్తుందని నాకు ఆరోజే తెలిసింది. ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచలేదు.

ఔటర్ రింగ్ రోడ్డు కిందినుంచి పోతుండగా ఆమే మొదలుపెట్టింది.

"నీ మామ ఈ బండిల నాతోటి ఒక్క ముచ్చట గూడ పెట్టలే."

"చప్పుడు గదా అత్తమ్మా."

"చప్పుడు గాదు. నేను ముందట కూసుంటే గదా ముచ్చట పెట్టెటందుకు." ఆమె బయటికి చూస్తూనే చెప్పింది. "ముందు సీట్ల పట్టుచీరల మూట కూసునేది. దుమ్ము పడొద్దని. నేను, చంకల పిలగాడు, ఎనక తొట్టిల. మలక్‌పేట దవాఖానకు పోయినా గంతే, పెండ్లికి పోయినా గంతే. దిగేసరికి నెత్తంత ఎర్రగ అయ్యేది."

మా పెళ్లయిన నాటినుంచీ మా ఆయన చెప్పే కథలో అమ్మానాయిన ఈ బండిలో పక్కపక్కన కూచుని ఊళ్లు తిరిగేవాళ్లు. చంకలో ఉన్నవాడికి ఎవరు ఎక్కడ కూచున్నారో ఏం తెలుస్తుంది.

"మరి గా ముచ్చట మీ కొడుకుకు చెప్పలేదా?"

"వానికెందుకు? నాయిన నాయిన అని సంబురపడుతడు. పడనీ. గా వరండల పెట్టుకున్నడు సూడు ఇంజను. దానికి రోజు మొక్కుతుండు. అది మీ మామ కొన్నప్పటి ఇంజన్ కాదు. అసలుది ఎన్నడో పగిలింది. రెండోది గూడ ఎడ్డదే వచ్చింది. ఇది మూడోది. దీన్ని గూడ రోజు తిట్టేటోడు. నన్ను తిట్టినన్ని తిట్లు దాన్ని గూడ తిట్టిండు" అంది.

నేను నవ్వాపుకోలేక బండి పక్కకు తీశాను. అత్తమ్మ మొదట నా వైపు అనుమానంగా చూసింది. తర్వాత ఆమె కూడా నవ్వింది. పమిట నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేట్టు. అట్లా నవ్వడం నేను అంతవరకూ చూడలేదు.

ఆ వారంలోనే ఒక సినిమా మనిషి షెడ్డుకు వచ్చాడు. మా షెడ్డుకు దగ్గర్లోనే స్టూడియో ఉంది. ఆ వైపు ఏ పాత వస్తువు కదిలినా ఎవరో ఒకరు వెంటపడతారు. వాళ్ల పాతకాలం సినిమాకు మా బండి కావాలన్నాడు. స్టార్ట్ చెయ్యమన్నాడు. చేశాను. అతని మొహం వాడిపోయింది.

"గిట్ల మెత్తగ స్టార్ట్ అయితే ఎట్ల మేడమ్? దగ్గాలె, పొగ రావాలె, హీరో దిగి తన్నాలె. గప్పుడే సీను పండుతది" అన్నాడు.

ఇన్ని నెలలు అదే సీను మేము ఉచితంగా పండించామని అతనికి చెప్పలేదు. చెప్పే అవకాశం అత్తమ్మ ఇవ్వలేదు. "మా ఇంట్ల ఒక పాత ఇంజన్ ఉన్నది నాయినా, మస్తు జిడ్డుంటది, తీస్కపోతవా?" అని అడిగింది. అతనికి మెకానిక్ షెడ్డు సీనొకటి ఉందట. సాయంత్రమే మనుషులను తీసుకుని మా ఇంటికి వచ్చాడు.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి వరండా ఖాళీగా ఉంది. దుప్పటి మాత్రం ఉతికి ఆరేసి ఉంది. ఆయన మొహం చూసి, నేను నిజం చెప్పేద్దామా అనుకున్నాను. అత్తమ్మ నా కాలు తొక్కింది.

"మీ నాయిన ఇంజన్ సినిమాల యాక్ట్ చేస్తదట" అంది కొడుకుతో, కందిపప్పు ఏరుతూ.

ఆయన కాసేపు ఏడవాలా నవ్వాలా అని తేల్చుకోలేక నిలబడ్డాడు. తర్వాత ఫోన్ తీసుకుని మేడ మీదికి పోయాడు. తమ్ముళ్లకు, ఆఫీసువాళ్లకు, చివరికి పాలవాడికి కూడా వాళ్ల నాయిన ఇంజన్ సినిమాలో వేస్తోందని చెప్పాడు. ఆ సినిమా ఏదో, ఎప్పుడొస్తుందో ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఆయన మాత్రం ప్రతి పాతకాలం సినిమానూ ఓపిగ్గా చూస్తున్నాడు. ఎక్కడైనా మెకానిక్ షెడ్డు కనపడితే టీవీ దగ్గరికి జరుగుతాడు.

బండి ఇప్పుడు బాగానే పోతోంది. అంతకన్నా గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. ఇంత తతంగం చేశాక అది ఇప్పుడు ఏ మామూలు బండీ చెయ్యని పనేమీ చెయ్యదు. ఎండాకాలం క్యాబిన్ పెనంలా కాలుతుంది. వానాకాలం కిటికీ కారుతుంది. డబ్బు సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. కారు కొనుక్కుంటే ఎంతయ్యేదని చుట్టాలు అడిగితే నేను టీ పెట్టడానికి లోపలికి పోతాను.

అసలు మార్పు అత్తమ్మలో వచ్చింది. చప్పుడు పోయాక దారంతా ఆమె మాట్లాడుతూనే ఉంది. మొదట్లో కథలు, తర్వాత సలహాలు, ఇప్పుడు హుకుములు. షెడ్డులో కుర్చీలో కూచోవడం మానేసింది. ఊళ్లో ఆడవాళ్లు చేసే ఆసు పనిని, అంటే మేకుల చుట్టూ చెయ్యి అటూ ఇటూ తిప్పుతూ చీర పేకకు దారం చుట్టే పనిని, పట్నం వచ్చినప్పుడు వదిలేసింది. ఇప్పుడు ఊరినుంచి పాత చెక్క తెప్పించుకుని మళ్లీ మొదలుపెట్టింది. భుజం లాగేస్తుంది. సాయంత్రం బండిలో మూలుగుతుంది. మానెయ్యమంటే, "నువ్వు నడిపేది మానెయ్యి, నేను గూడ మానేస్త" అంటుంది. కుచ్చులు వేసే ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరి ముచ్చట్లు పెడుతున్నారు, పని తగ్గింది. ఆ సంగతి ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేదు.

మొన్న ఆదివారం మా ఆయన కూడా షెడ్డు చూడ్డానికి వస్తానన్నాడు. తల్లి ముందు సీట్లోంచి కదల్లేదు. ఈసారి ఆయన అడిగినా ఆమె ఇచ్చేట్టు లేదు. ఆయన కాసేపు తలుపు పట్టుకుని నిలబడి, తర్వాత వెనక తొట్టిలో దారం మూటల మీద ఎక్కి కూచున్నాడు. హయత్‌నగర్ దాటాక అద్దంలో చూస్తే, నెత్తికి కర్చీఫు కట్టుకుని, కళ్లు చికిలించి, చాలా గంభీరంగా రోడ్డు వంక చూస్తున్నాడు.

"మెల్లగ పోనియ్యి పిల్లా, ఎనక పిలగాడున్నడు" అంది అత్తమ్మ.

నేను నాలుగో గేరుకు దించాను.